టార్పాలిన్ కట్టిన కిటికీ

ఆ వానాకాలం మొదలయ్యేసరికి మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళం, ఒక పసిగుడ్డు మిగిలాం.

ఆస్పత్రి నుంచి పిల్లను ఇంటికి తెచ్చిన రోజు వాన కుండపోతగా కురుస్తోంది. టాక్సీ దిగాక మామయ్యగారు గొడుగు తెరిచారు గానీ ఎవరి మీద పట్టాలో ఆయనకు తోచలేదు. పిల్లను ఎత్తుకున్న వదిన మీద సగం, సంచులు మోస్తున్న నా మీద సగం పట్టి, తను మాత్రం నిలువునా తడిసిపోయారు. గుమ్మంలో చెప్పులు విప్పుకోవడానికి ఆగి, వదిన పిల్లను ఆయన వైపు చాచింది.

"నాన్నా, ఒక్క క్షణం పట్టుకో."

ఆయన గొడుగు మడవడంలో మునిగిపోయారు. ఏ గొడుగూ మడవడానికి అంతసేపు పట్టదు. వదిన చెప్పులతోనే లోపలికి వచ్చేసింది.

వదిన అంటే నా భార్యకు అక్క. మామయ్యగారు వాళ్ళిద్దరి తండ్రి. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాక చిన్నకూతురి దగ్గర, అంటే మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆ చిన్నకూతురు పురిట్లో పోయింది. ఆ సంగతి ఇంతకన్నా ఎక్కువ చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

వదిన మర్నాడే బయల్దేరాలి. ఇంటి దగ్గర తన చిన్నవాడు జ్వరంతో ఉన్నాడు. వెళ్ళేలోగా సీసాలు ఎలా మరగబెట్టాలో, పాలపొడి ఎలా కలపాలో, మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి ఎలా చూడాలో నాకు నేర్పింది. నేను కొలత గ్లాసును కంటికి ఎదురుగా పట్టుకుని గీత దగ్గర నీళ్ళు సరిచూస్తుంటే, "మీ ఫ్యాక్టరీ ల్యాబులో రంగులు కలిపినట్టు కలపకండి మరిదిగారూ. ఇది తాగేది" అంది. ఆ రోజు ఇంట్లో ఎవరైనా ఆడిన హాస్యం అదొక్కటే. మేం నవ్వలేదు గానీ గదిలో గాలి కాస్త ఆడింది.

తర్వాత ఆమె అసలు మాట చెప్పింది.

"ఇప్పుడే తీసుకెళ్ళేదాన్ని. ఇంత పసిదాన్ని ఈ వానలో అంతదూరం బస్సులో తిప్పొద్దని డాక్టరమ్మ అంది కాబట్టి ఆగుతున్నా. వానలు తగ్గగానే వస్తా. నా ఇద్దరితో పాటు ఇదీ పెరుగుతుంది."

"ఇది ఇక్కడే పెరుగుతుంది వదినా."

"ఎవరు పెంచుతారు?"

"నేను."

ఆమె నన్ను చూడలేదు, తండ్రిని చూసింది. ఆయన అవతల నిలబడి వాన చూస్తున్నారు.

"మీ ఇద్దరూ కలిసి ఒక్క కూర వండలేరు. పిల్లనేం పెంచుతారు?"

"నేర్చుకుంటాం."

"మీరు నేర్చుకునేదాకా పిల్ల ఆగదు కదా!" అంది. సీసా మూత బిగిస్తూ, "సరే, వానలు తగ్గనీయండి" అంది. ఆ మాటలో ఒప్పుకోలు లేదు, గడువు ఉంది.

ముందుగది కిటికీ అద్దం ఆ ఏడు మొదటి గాలివానకే పగిలింది. అద్దాలు బిగించే అతను వానలు పోయాక వస్తానన్నాడు. మామయ్యగారు అటక మీంచి ఓడరేవు నాటి టార్పాలిన్ ఒకటి దించి కిటికీ చట్రానికి మేకులతో కొట్టారు. పసుపురంగు టార్పాలిన్. జల్లు ఆగింది గానీ, గది గదంతా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టయింది. వెనక గదులు కురుస్తున్నాయి కనక ఉయ్యాల అక్కడే వేశాం.

నేను అద్దకం ఫ్యాక్టరీలో షేడు చూసేవాణ్ణి. కొనేవాళ్ళు పంపిన గుడ్డముక్క రంగూ, మేం అద్దిన బట్ట రంగూ ఒకటేనా కాదా అని తేల్చడం నా ఉద్యోగం. ఈ పనిలో చేరిన కొత్తలోనే ఒక సంగతి తలకెక్కుతుంది. రంగు బట్టలో ఎంత ఉంటుందో వెలుతురులోనూ అంత ఉంటుంది. బల్బు కింద కవలల్లా కనిపించిన రెండు ముక్కలు ఎండలోకి తెస్తే ఒకరికొకరు ఏమీ కారు. అందుకే ఏదైనా చూసేముందు ఏ వెలుతురులో చూస్తున్నామో గమనించి, ఆ వెలుతురు అంటించిన రంగును మనసులోనే తీసేస్తాం. ఈ అలవాటు ఇంటిదాకా కూడా వస్తుంది. దుకాణంలో ప్రతి బట్టనూ వీధిలోకి పట్టుకెళ్ళి చూస్తానని నా భార్య నన్ను బట్టలకు తీసుకెళ్ళడం మానేసింది.

సెలవు పెట్టాను. ఇంటిపని మామయ్యగారూ నేనూ పంచుకున్నాం. పంచుకున్నాం అనడం కన్నా, ఆయన తనకు చేతనైనవన్నీ లాక్కున్నారు అనాలి. వానకు పొత్తిగుడ్డలు ఆరేవి కావు. వంటింట్లో పొయ్యి పైన తాళ్ళు కట్టి వేలాడదీసేవారు. చెమ్మగా ఉన్నవాటిని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, అంచుకి అంచు కలిపి, దొంతరగా పేర్చేవారు. సీసాలు మరగబెట్టేవారు. దోమతెర కుట్టారు. పిల్లను తప్ప పిల్లకు సంబంధించినవన్నీ ముట్టుకున్నారు.

"అల్లుడుగారూ, మీ కూతురు తడిపింది" అని గుమ్మం అవతలి నుంచే చెప్పేవారు. మీ కూతురు. అంతే. ఆయన్ని ఏమీ అనబుద్ధి కాలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే ఆయనకు ఎవరు గుర్తొస్తారో నాకూ తెలుసు.

పిల్ల మాత్రం మమ్మల్ని ఏమీ బాధపెట్టేది కాదు. పాలు రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారుకునేది. ఏడుపు లేదు, పేచీ లేదు. తల్లి లేని పిల్లకు దేవుడు ఈ మాత్రం నెమ్మదైనా ఇచ్చాడని నేను లోలోపల దండం పెట్టుకున్నాను.

"ఎంత బుద్ధిమంతురాలో" అన్నాను ఒకసారి.

"వాళ్ళమ్మ ఇలా కాదు. ఇల్లు పీకి పందిరేసేది" అన్నారు మామయ్యగారు. అనేసి, ఇస్త్రీ చేసిన గుడ్డనే మళ్ళీ ఇస్త్రీ చేశారు.

పై వాటాలో ఉండే టీచరమ్మ ఒకరోజు చూడటానికి దిగివచ్చింది. ఉయ్యాల మీదికి వంగి, "పాప కాస్త పచ్చగా లేదూ?" అంది.

"ఈ గదిలో అందరం పచ్చగానే ఉంటామండీ. మీ చెయ్యి చూసుకోండి."

ఆవిడ చెయ్యి చాచి చూసుకుంది. నేను పాలసీసా ఎత్తి చూపించాను. పాలూ పసుపే.

"అమ్మో, నిజమే! రంగుల సంగతి మీకు చెప్పబోయాను, చూడండి నా తెలివి" అని నవ్వేసింది.

"అంతా టార్పాలిన్ మహిమ" అన్నారు మామయ్యగారు. ముగ్గురం నవ్వాం. పిల్ల నిద్రపోతూనే ఉంది.

ఆ తర్వాత ఒక పొద్దున గాలి బాగా వీచింది. నేను వంటింట్లో సీసాలు మరగబెడుతున్నాను. ముందుగదిలోంచి పెద్ద చప్పుడు వినిపించింది. టార్పాలిన్ ఒక పక్క మేకులు ఊడదీసుకుని తెరచాపలా లోపలికి కొట్టుకుంటోంది. పొయ్యి ఆర్పి నేను వెళ్ళేసరికి జల్లు సూటిగా ఉయ్యాలలో పడుతోంది. ఉయ్యాల ఖాళీగా ఉంది.

మామయ్యగారు వీధి గుమ్మంలో, చూరు కింద నిలబడి ఉన్నారు. నా వైపు వీపు పెట్టారు. తడిసిన బనీను వీపుకు అతుక్కుపోయింది. భుజాలు ముందుకు వంచి, గాలికి అడ్డు నిలిచి దేన్నో కాపాడుతున్నారు.

"తడవలేదు. ఒక్క చుక్క కూడా పడనివ్వలేదు" అన్నారు వెనక్కి తిరక్కుండానే. ఆ గొంతు నేను అంతవరకు విన్నది కాదు.

నేను దగ్గరికి వెళ్ళలేదు. ఆ తాతనూ మనవరాలినీ కాసేపు అలా వదిలేయాలనిపించింది. అంతలో ఆయనే నాకు చూపించడానికి ఇటు తిరిగారు.

మబ్బు పట్టిన పగటి వెలుతురు మా పనికి అన్నిటికన్నా నమ్మకమైనది. ఎండలోని ఎరుపు ఉండదు, బల్బులోని పసుపు ఉండదు. ఆ వెలుతురులో, తెల్ల బనీనుకు ఆనుకుని పిల్ల బుగ్గ కనిపించింది. అలవాటు కొద్దీ వెలుతురు రంగు తీసేయబోయాను. తీసేయడానికి అందులో ఏమీ లేదు.

నుదుటి మీద వేలు పెట్టి నొక్కి తీశాను. వేలి కింద తెల్లబడాల్సిన చోట పసుపు తేలింది. చుట్టిన గుడ్డ విప్పాను. పొట్టా, తొడలూ అలాగే ఉన్నాయి.

"మామయ్యగారూ, దాన్ని లేపండి."

ఆయన అరికాలి మీద మెల్లగా చిటికె వేశారు. పిల్ల ఏడవడానికన్నట్టు నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్ళీ మూసుకుంది.

"పదండి" అన్నాను. చెప్పులు వెతుక్కోలేదు ఇద్దరం.

టాక్సీలో ఆయన పిల్లను నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

డాక్టరమ్మ పిల్లను చూస్తూనే నర్సుకు ఏదో పురమాయించి మా వైపు తిరిగింది. "ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"కిటికీకి పసుపు టార్పాలిన్ ఉందండి. దాని రంగనుకున్నాను."

"పాలు తాగుతోందా?"

"కొంచెం తాగి పడుకుంటుంది. ఏడవదు."

"ఏడవకపోతే మంచిదని ఎవరు చెప్పారు మీకు? ఇది నిద్ర కాదు, నీరసం. కామెర్లు బాగా ముదిరాయి."

మేమిద్దరం తలలు దించుకున్నాం. ఆమె ఇంకా చాలా అనొచ్చు. మా కాళ్ళ వైపు చూసింది. బురద పాదాలు నాలుగు. "తెచ్చారుగా. కూర్చోండి" అంది. ఆ రెండు ముక్కలకు నేను ఆమెకు జీవితాంతం రుణపడి ఉన్నాను.

రక్తం తీసి చూశారు. కళ్ళకు చిన్న గంతలు కట్టి, నీలి దీపాల కింద పడుకోబెట్టారు. నేను అద్దానికి ముఖం ఆనించి చూశాను. ఆ నీలి వెలుతురులో పసుపు కనపడదు. పిల్ల బూడిదరంగులో ఉంది. తగ్గుతోందా పెరుగుతోందా అని నా కళ్ళతో నేను చెప్పలేను. ఇన్నేళ్ళూ ఏ కళ్ళ మీద ఆధారపడి బతికానో అవి అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

"రంగు మేం చూసుకుంటాం. మీరు పాలు చూడండి. నిద్రపోతున్నా సరే, లేపి పట్టించాలి. లేవకపోతే మళ్ళీ లేపాలి" అంది నర్సు.

లేపాం. అరికాళ్ళు గోకాం, చెవి వెనక తడిగుడ్డతో తుడిచాం, దవడ కింద నిమిరాం. ఒక్కో గుక్కా కొండ ఎక్కించినట్టు ఎక్కించాం. మింగిన ప్రతిసారీ మామయ్యగారి గొంతులో కూడా గుటక కదిలేది.

మధ్యాహ్నం వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయన తన అరచేతులు చూసుకుంటూ అన్నారు. "ఎంతెంత బరువులో ఎత్తాను అల్లుడుగారూ. ఒక్క పెట్టె జారలేదు నా క్రేన్ నుంచి. దీన్ని ఎత్తుకుంటే జారుతుందని కాదు నా భయం."

"మరి?"

"ఎత్తితే మళ్ళీ దించలేనేమోనని. మీ వదిన ఎలాగూ తీసుకుపోతుంది కదా."

నేను ఫోను తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "దానికి చెప్పకండి. తెలిస్తే పడవేసుకునైనా వచ్చేస్తుంది."

"దాచిపెట్టి ఉంచుకుంటే, రేపు ఈ పిల్లను ఆమెకు ఏ ముఖం పెట్టుకుని చూపిస్తాను మామయ్యగారూ?"

అంతా చెప్పాను. టార్పాలిన్ సంగతీ, టీచరమ్మ సంగతీ, మేం నవ్విన సంగతీ.

"వింటున్నారా వదినా?"

"వింటున్నా. తగ్గుతుందన్నారా?"

"అన్నారు."

"నాన్న తిన్నాడా?"

"లేదు."

"మీరూ తిని ఉండరు. ముందు ఇద్దరూ ఏదైనా తినండి. ఇక్కడ వంతెన మీద నీళ్ళున్నాయి, బస్సులు ఆపేశారు. దారి తెరిచాక వస్తా. ఈసారి మాటల్లేవు మరిదిగారూ. తీసుకెళ్ళిపోతా."

పిల్ల కోలుకుంది. ఇంటికి పంపించే రోజు మామయ్యగారు మాకంటే ముందు వెళ్ళిపోయారు. మేం వెళ్ళేసరికి టార్పాలిన్ పెరట్లో చుట్టచుట్టి ఉంది. అద్దాలతను కిటికీ ఎక్కి సణుగుతూ పనిచేస్తున్నాడు. "ఏం మనిషండీ ఈయన! దుకాణం ముందు నిలబడి కదిలితేనా! నా మనవరాలు ఇంటికొస్తోంది, నీకు వానొక సాకా అని వీధంతా వినేలా అరిచాడు."

గది తెల్లగా ఉంది. ఆ తెలుపులో పిల్ల గులాబీరంగులో ఉంది. నేను వెలుతురును తీసి చూశాను, కలిపి చూశాను. గులాబీయే.

తర్వాతి రోజుల్లో మా ఇంట్లో నిద్రను ఎవరూ మెచ్చుకోలేదు. పాల వేళకు పిల్ల లేవకపోతే ఇద్దరం చెరోవైపు కూర్చుని దాన్ని విసిగించేవాళ్ళం. ఓపిక పట్టిన ఆ పిల్ల ఒక మధ్యాహ్నం ఇక పట్టలేక గుక్కపెట్టింది. ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, గోడలు అదిరేలా ఏడ్చింది. టీచరమ్మ మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమైంది? ఏమైందండీ?"

"ఏడుస్తోంది!" అన్నారు మామయ్యగారు, పిల్ల పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నట్టు. "వినండి, వినండి. అచ్చం వాళ్ళమ్మే!"

టీచరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఆ ఏడుపు ఆగిందే లేదనుకోండి. "పరీక్ష పేపర్లు దిద్దుకోవాలండీ" అని ఆవిడే బతిమాలే రోజు వచ్చింది.

నేను పనిలో చేరాను. పగలు ఆయన, సాయంత్రం నేను. చేతులు మారేటప్పుడు ఏం తాగిందో, ఎప్పుడు కక్కిందో, ఏ చెవి వైపు తిప్పి పడుకోబెడితే ఊరుకుంటుందో ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్ళం.

వానలు పలచబడ్డాక వదిన వచ్చింది. చేతిలో పెద్ద సంచి ఉంది. కాళ్ళు కడుక్కుని నేరుగా పిల్లను ఎత్తుకుని కొత్త కిటికీ అద్దం దగ్గరికి వెళ్ళింది. కనురెప్ప లాగి చూసింది. అరికాళ్ళు చూసింది. సీసాలు వాసన చూసింది. పొత్తిగుడ్డల దొంతర మీద చెయ్యి వేసి, "ఇవెవరు మడతపెట్టారు?" అంది.

"నేనే" అన్నారు మామయ్యగారు.

పై గుడ్డ అంచును వేలితో తడిమింది. కానీ సంచి విప్పలేదు.

స్నానం వేళైంది. పిల్లకు నీళ్ళంటే కోపం. దాన్ని తొట్టిలోకి దించడానికి మేం ఒక పద్ధతి కనిపెట్టాం. నేను మెడా నడుమూ పట్టుకుని దించుతుంటే, ఆయన ఎదురుగా నిలబడి ఓడరేవులో సైగ చేసినట్టు చేతులు ఆడిస్తూ చెప్పాలి.

"కొంచెం ఎడమకి. ఆ. దించు, దించు. మెల్లగా! గాలి ఉంది, ఊగుతోంది. ఆగు. ఇప్పుడు ఒక్క వేలెడు. ఆనింది!"

పిల్ల కాళ్ళు నీళ్ళకు తగిలాయి. ఆయన రెండు చేతులూ పైకెత్తి బరువు దిగినట్టు సైగ చేశారు. వెనక నుంచి నవ్వు వినిపించింది. వదిన గుమ్మానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగకుండా నవ్వుతోంది. నవ్వు చివరికి వచ్చేసరికి అది నవ్వు కాదు.

పిల్ల నిద్రపోయాక ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"మీరు మంచివాళ్ళు మరిదిగారూ. నేనేమీ కాదనట్లేదు. కానీ ఆ రోజు గాలి వీచకపోతే?"

"ఏమయ్యేదో నాకు తెలుసు. మర్చిపోయే రోజు లేదు."

"మళ్ళీ ఇంకోటి జరిగితే?"

"జరగదని మాట ఇవ్వలేను. జరిగితే మీ దగ్గర దాచను. ఆ మాట మాత్రం ఇవ్వగలను."

"పిల్లను?"

"పిల్లను ఇవ్వను వదినా."

ఇంత మెత్తగా ఉండే నా నోట ఆ మాట అంత సూటిగా వస్తుందని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"నాకు చెల్లెలు ఒక్కతే" అంది. "దీని ముక్కు చూశారా? అచ్చం దానిదే."

"రోజూ చూస్తాను."

పక్కగదిలోంచి మామయ్యగారు వచ్చారు. అంతా విన్నారని ముఖమే చెబుతోంది. "అమ్మాయీ, దీన్ని తీసుకెళ్తే నన్నూ తీసుకెళ్ళాలి. పాల కొలత అల్లుడుగారికే తెలుసు కాబట్టి ఆయన్నీ తీసుకెళ్ళాలి. మీ ఇంట్లో ముగ్గురికీ మంచాలు వెయ్యి."

"నీ గురకకు మా ఇంటి కప్పు లేచిపోతుంది నాన్నా" అంది వదిన. ముక్కు చీదుకుని లేచి వెళ్ళిపోయింది.

పొద్దున్నే పొత్తిగుడ్డ కోసం బీరువా తెరిస్తే, దొంతర పక్కన చిన్న చిన్న గౌన్లు పేర్చి ఉన్నాయి. అన్నీ చేత్తో కుట్టినవి. మెడ దగ్గర పసిపిల్లకు గుచ్చుకోకుండా కుట్లు పైవైపుకి తిప్పి కుట్టినవి. తన ఇంట్లో పెరగబోయే పిల్ల కోసమని వదిన వానాకాలమంతా కూర్చుని కుట్టినవి. సంచి ఖాళీగా గోడకు వాలి ఉంది.

నేను వెనక్కి తిరిగితే వదిన పాలు కలుపుతోంది. "తొందరగా తొడగండి. నెల తిరిగేసరికి పొట్టివైపోతాయి. మళ్ళీ కుట్టి తెస్తాను" అంది, సీసా నుంచి కన్నెత్తకుండా.

బస్సు ఎక్కించడానికి ముగ్గురం వెళ్ళాం. ఎండ కాస్తోంది. వదిన కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి బయటికి చాచి పిల్ల కాలు పట్టుకుని వదల్లేదు. బస్సు కదిలాక వదిలింది. కొంచెం దూరం పోయాక ఏదో గుర్తొచ్చినట్టు తల బయటికి పెట్టి గట్టిగా అరిచింది.

"మెడ! మెడ కింద!"

"ఏంటీ?" అన్నారు మామయ్యగారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మడతల్లో! చూడండి!" బస్సు మలుపు తిరిగిపోయింది.

ఇద్దరం పిల్ల వైపు చూశాం. మామయ్యగారు ఒక్క వేలితో గడ్డం పైకెత్తారు. నిజమే, మెడ మడతలో పాలు ఎండి చారలు కట్టి ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో ఏమో, చర్మం ఎర్రగా కందింది. అక్కడే బెంచీ మీద కూర్చుని, మంచినీళ్ళ సీసా మూత విప్పి జేబురుమాలు అంచు తడిపాను. ఆయన గడ్డం పట్టుకున్నారు, నేను తుడిచాను. పిల్ల ఒళ్ళు మండి గొంతు విప్పింది. బస్టాండులో ఉన్న జనమంతా మా వైపు తిరిగారు.

"అటు పక్క ఇంకో మడత ఉంది అల్లుడుగారూ" అన్నారు మామయ్యగారు. "తొందరేం లేదు. ఏడవనీయండి."